పింఛను అర్జీలో పుట్టిన నాయకులు

1880ల్లో అమెరికాలో, 1861-65 అంతర్యుద్ధంలో పోరాడిన ఒక మాజీ సైనికుడు పింఛనుకు అర్జీ పెట్టుకుంటే అది వాషింగ్టన్‌లోని పింఛన్ల బ్యూరోకు చేరేది. బ్యూరో ముందు యుద్ధ శాఖకు రాసి పాత మస్టర్ రోల్స్, అంటే సైనికుల హాజరు పట్టీలు, తీయించేది. ఏ రెజిమెంటు, ఏ కంపెనీ, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు విడుదలయ్యాడు అన్నవి అందులో తేలేవి. ఆసుపత్రి రిజిస్టర్లలో పేరుందా అని ఇంకో వాకబు జరిగేది. ఆ తర్వాత ముగ్గురు డాక్టర్ల బోర్డు మనిషిని పరీక్షించి, వైకల్యాన్ని పద్దెనిమిదో వంతుల్లో లెక్కగట్టేది. ఒకడికి 6/18 అని, ఇంకొకడికి 10/18 అని రాసేవాళ్ళు.

ఇంతా సవ్యంగా జరిగినా అర్జీ ఒకచోట చిక్కుకునేది. 1862 నాటి చట్టం ప్రకారం వైకల్యం సైన్యంలో ఉండగా, విధి నిర్వహణలోనే వచ్చిందని అర్జీదారు రుజువు చేసుకోవాలి. తూటా తగిలినవాడికి మచ్చ ఉంటుంది. నెలల తరబడి విరేచనాలతో పేగులు పాడైనవాడికి, బురదలో పడుకుని కీళ్ళవాతం తెచ్చుకున్నవాడికి, వానలో తడిసి దగ్గు అంటించుకున్నవాడికి ఏ మచ్చ ఉంటుంది? ఆసుపత్రికి వెళ్ళకుండా గుడారంలోనే మూలిగినవాడి పేరు ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. అలాంటివాడికి అప్పటి తన అధికారి ప్రమాణపత్రం కావాలి. అధికారి దొరక్కపోతే, పక్కనే ఉండి చూసిన తోటి సైనికులు ఇద్దరివి కావాలి. ఇరవై ఏళ్ళయ్యాక వాళ్ళను ఎక్కడని వెతకడం? ఒకడు కాన్సస్‌లో పొలం చేసుకుంటున్నాడు. ఇంకొకడు ఎప్పుడో పోయాడు. కెప్టెన్ ఊరు మారి చిరునామా లేకుండా పోయాడు.

ఆ ఇద్దరినీ వెతికిపెట్టే యంత్రాంగం ఒకటి ఉండేది. దాని పేరు గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ద రిపబ్లిక్. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడినవాళ్ళ సంఘం. 1866 ఏప్రిల్ 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్‌లో బెంజమిన్ స్టీఫెన్‌సన్ అనే సైనిక వైద్యుడు మొదటి శాఖ పెట్టాడు. ఊళ్ళో ఉండే శాఖను పోస్టు అంటారు. దానికో నంబరు, చాలాసార్లు చనిపోయిన సహచరుడి పేరు. రాష్ట్రస్థాయిలో డిపార్ట్‌మెంటు, ఏటా దేశమంతటికీ కలిపి ఒక మహా శిబిరం. సభ్యుడిగా చేరాలంటే గౌరవప్రదమైన డిశ్చార్జి ఉండాలి. పోస్టులోని పాత సభ్యులు రహస్యంగా తెల్ల గోళీ, నల్ల గోళీ వేసి ఒప్పుకోవాలి.

సైన్యంలో పనిచేసి రాజకీయాల్లోకి వచ్చిన వాళ్ళ గురించి మనం సాధారణంగా మాట్లాడుకునేది ధైర్యం, క్రమశిక్షణ, దేశభక్తి గురించి. నాకు ఆ మాటల మీద పెద్ద నమ్మకం లేదు. అలాంటి నాయకుడికి నికరంగా ఓట్లు తెచ్చింది యుద్ధం తర్వాత అతను చేరిన సంఘం, ఆ సంఘం చేసిపెట్టిన కాగితం పని. ఆ సంఘాలు చట్టసభల్లో సాధించిన అసలు విజయాలు కూడా డబ్బు మొత్తం పెంచడంలో లేవు. అర్జీలో ఏ గడి దగ్గర మనిషి పడిపోతున్నాడో వాళ్ళకు తెలుసు. ఆ గడిని మార్చారు. రుజువు చేసే బరువును సైనికుడి భుజం మీంచి సర్కారు భుజం మీదికి నెట్టారు. నూటయాభై ఏళ్ళ చరిత్ర అంతా ఈ నెట్టుడే.

గ్రాండ్ ఆర్మీ మొదటి ముగ్గురు జాతీయ కమాండర్లను చూడండి. స్టీఫెన్ హర్ల్‌బట్ తర్వాత ప్రతినిధుల సభకు వెళ్ళాడు. జాన్ లోగన్ అప్పటికే ఆ సభలో ఉన్నాడు, తర్వాత సెనేటరయ్యాడు, 1884లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి కూడా. మూడోవాడు ఆంబ్రోస్ బర్న్‌సైడ్, రోడ్ ఐలండ్ గవర్నరుగా చేసి సెనేటుకు వెళ్ళినవాడు. దేశాధ్యక్షుల్లో గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, హారిసన్, మెకిన్లీ, ఈ ఐదుగురూ ఆ సంఘం సభ్యులే. సంఘాన్ని పార్టీ పనులకు వాడుకోకూడదని నిబంధన రాసుకున్నారు గానీ, సంఘం పేరులోని జీ, ఏ, ఆర్ అనే మూడు అక్షరాలకు జనం 'జనరల్లీ ఆల్ రిపబ్లికన్స్' అని అర్థం చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

అయితే ఒక సంగతి గమనించాలి. ఇంతమంది పెద్దవాళ్ళు ఉన్నా 1870ల్లో సంఘం దాదాపు చచ్చిపోయింది. 1868లో గ్రాంట్ ఎన్నికకు దాన్ని బాహాటంగా వాడేశారు. ఆ మరుసటేడు సభ్యులకు మూడు అంతస్తుల హోదాలు పెట్టి, మెట్టు మెట్టుకూ తంతులు జరపాలన్నారు. మామూలు జనానికి విసుగొచ్చింది. 1876 నాటికి మిగిలినవాళ్ళు 27 వేల లోపు. జెండాలూ కవాతులూ కీర్తీ ఉన్నాయి, మనుషులు లేరు.

మనుషుల్ని వెనక్కి తెచ్చింది 1879 జనవరిలో హేస్ సంతకం పెట్టిన బకాయిల చట్టం. అంతవరకూ ఆలస్యంగా అర్జీ పెడితే పింఛను అర్జీ తేదీ నుంచే ఇచ్చేవాళ్ళు. కొత్త చట్టంతో డిశ్చార్జి అయిన రోజు నుంచి లెక్కగట్టి మొత్తం ఒకేసారి ఇవ్వడం మొదలైంది. నెలకు 8 డాలర్ల సిపాయి పింఛను 1865 నుంచి 14 ఏళ్ళకు లెక్కేయండి: 1,344 డాలర్లు. రోజుకూలీ డాలరు, డాలరున్నర ఉన్న కాలమది. పైగా 1880 జులై 1 లోపు అర్జీ పెడితేనే ఈ బకాయి అని గడువు. ఇక చూడాలి ఉరుకులు పరుగులు. సాక్షులు కావాలి, సాక్షులు పోస్టులో దొరుకుతారు. 1880లో 60 వేలున్న సంఘం 1885కు దాదాపు 3 లక్షలకు, 1890కి 4 లక్షలు దాటేదాకా పెరిగింది.

దీని చుట్టూ ఒక వ్యాపారం కూడా లేచింది. అర్జీకి 10 డాలర్ల ఫీజు చొప్పున పింఛను ప్లీడర్లు పుట్టుకొచ్చారు. వాళ్ళలో పెద్ద చేప జార్జ్ లెమన్. ఆయన 1877లో నేషనల్ ట్రిబ్యూన్ అనే పత్రిక పెట్టాడు. అందులో యుద్ధ జ్ఞాపకాలు, రెజిమెంట్ల కబుర్లు, ఫలానా కంపెనీవాళ్ళు ఎక్కడున్నారో తెలపండి అనే ఉత్తరాలు వచ్చేవి. వాటి పక్కనే ఆయన సంస్థ ప్రకటన. జ్ఞాపకం చదవడానికి కొన్నవాడు కక్షిదారుగా మారేవాడు.

బ్యూరో కాదన్న అర్జీకి ఇంకో దారి ఉండేది, రాజకీయ నాయకుడికి అసలు పని అక్కడే. సైనికుడు తన ప్రతినిధి దగ్గరికి వెళ్తే, ఆయన ఆ ఒక్క మనిషి పేరు మీద ఒక బిల్లు పెట్టేవాడు. ఇలాంటి ప్రైవేటు పింఛను బిల్లుల కోసం శుక్రవారం సాయంత్రాలు ప్రత్యేకంగా సభ పెట్టేవాళ్ళు. పట్టుమని పది మంది ఉండని సభలో బిల్లు తర్వాత బిల్లు చదివి సరే అనుకుంటూ పోవడమే. ఎవరి బిల్లునూ ఇంకొకరు ఆపరు. ఈ వారం నేను నీ మనిషిని ఆపితే వచ్చే వారం నువ్వు నా మనిషిని ఆపుతావు కదా.

ఆపినవాడు ఒకడొచ్చాడు. గ్రోవర్ క్లీవ్‌లాండ్, డెమోక్రాట్, 1885లో అధ్యక్షుడయ్యాడు. యుద్ధానికి పోలేదు. అప్పటి చట్టం ఒప్పుకున్నట్టే 150 డాలర్లిచ్చి తన బదులు ఇంకొకర్ని పంపాడు. రాత్రిళ్ళు కూర్చుని ఈ ప్రైవేటు బిల్లులు ఒక్కొక్కటీ చదివి 200కు పైగా తిప్పికొట్టాడు. సంతకం పెట్టినవి అంతకంటే చాలా ఎక్కువే, కానీ ఆ మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 1887 ఫిబ్రవరిలో, ఒళ్ళు సహకరించని మాజీ సైనికులందరికీ కారణం అడక్కుండా పింఛనివ్వాలన్న బిల్లును కూడా వీటో చేశాడు. అదే ఏడు జూన్‌లో, యుద్ధంలో చేజిక్కిన దక్షిణాది రెజిమెంట్ల జెండాలను ఆ రాష్ట్రాలకు తిరిగి ఇచ్చేయమన్న ఉత్తర్వు బయటపడింది.

అప్పటి గ్రాండ్ ఆర్మీ కమాండర్ లూషియస్ ఫెయిర్‌చైల్డ్. విస్కాన్సిన్ మాజీ గవర్నరు, గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నవాడు. ఆ వార్త వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని హార్లెంలో ఒక పోస్టు సమావేశంలో ఉన్నాడు. లేచి శాపనార్థాలు పెట్టాడు: ఈ ఉత్తర్వు రాసిన చేతిని దేవుడు పడగొట్టుగాక, దీన్ని తలచిన మెదడును పడగొట్టుగాక, దీన్ని పలికిన నాలుకను పడగొట్టుగాక. ఒంటి చెయ్యి మనిషి ఇంకొకరి చెయ్యి పడిపోవాలని శపిస్తుంటే ఆ గదిలో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. క్లీవ్‌లాండ్ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఏడాది సెయింట్ లూయిస్‌లో జరిగే మహా శిబిరానికి వెళ్ళాలనుకున్న ప్రయాణం కూడా మానుకున్నాడు.

1888లో ఆయన మీద రిపబ్లికన్లు నిలబెట్టింది బెంజమిన్ హారిసన్‌ను, బ్రిగేడియర్ హోదా ఉన్న సంఘ సభ్యుణ్ణి. దేశం మొత్తం మీద ఓట్లు క్లీవ్‌లాండ్‌కే ఎక్కువొచ్చాయి, రాష్ట్రాలవారీగా లెక్కగట్టే ఎలక్టోరల్ ఓట్లలో మాత్రం 233-168తో హారిసన్ గెలిచాడు. ఇండియానాలో తేడా రెండున్నర వేల ఓట్ల లోపే. ఆ ఎన్నికలో ప్రధాన గొడవ దిగుమతి సుంకాల మీద, కాబట్టి పింఛన్లే ఓడించాయని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నమ్మకండి. అలాగని అంత తక్కువ తేడాలో పోస్టుల పాత్ర ఏమీ లేదని కూడా అనలేం.

హారిసన్ పింఛన్ల కమిషనర్‌గా వేసినవాడు జేమ్స్ ట్యానర్. బుల్ రన్ రెండో యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న కార్పొరల్. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని గుమాస్తా అయ్యాడు. లింకన్ చనిపోతున్న రాత్రి సాక్షుల మాటలు రాసుకున్నది ఆయనే. కమిషనర్ కాగానే ఖజానాలో మిగులు సొమ్మును ఇక దేవుడే కాపాడాలి అన్నాడని ప్రతీతి. అడగనివాళ్ళ పాత ఫైళ్ళు కూడా తీయించి పింఛను పెంచేస్తుంటే నెలల్లోనే ఇంటికి పంపాల్సివచ్చింది.

ట్యానర్ పోయినా 1890 జూన్ 27న అసలు చట్టం వచ్చింది. దాని షరతులు చూడండి. 90 రోజుల సేవ. గౌరవప్రదమైన డిశ్చార్జి. శారీరక శ్రమ చేయలేని స్థితి, అది దురలవాట్ల వల్ల వచ్చింది కాకూడదు. అంతే. నెలకు 6 నుంచి 12 డాలర్లు. యుద్ధంలో వచ్చిందా, ఆ తర్వాత నిచ్చెన మీంచి పడితే వచ్చిందా అన్న ప్రశ్నే లేదు. తోటి సైనికుల ప్రమాణపత్రాలతో పనిలేదు. అర్జీలో అందర్నీ పడగొట్టే ఆ గడిని కొట్టేశారు. 1893కల్లా పింఛనుదార్లు పది లక్షలకు దగ్గరయ్యారు, ఫెడరల్ ఖర్చులో దాదాపు 40 శాతం పింఛన్లకే పోయింది. 1904లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వుతో 62 ఏళ్ళు నిండటమే సగం వైకల్యం అని తేల్చేశాడు.

ఆ సొమ్ము పంచిన భవనం వాషింగ్టన్‌లో ఇప్పటికీ ఉంది. కోటిన్నర ఇటుకలతో కట్టారు. చుట్టూ 1,200 అడుగుల పొడవున నడిచే సైనికులు, గుర్రాలు, ఫిరంగులు, క్షతగాత్రుల బళ్ళు మట్టి శిల్పాలుగా వరసకట్టి ఉంటాయి. లోపల మెట్ల ఎత్తు తక్కువ. కుంటుతూ వచ్చేవాళ్ళు ఎక్కాలి కదా.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే నిజం ఒకటుంది. 1892లో అదే హారిసన్‌ను అదే క్లీవ్‌లాండ్ ఓడించాడు. పది లక్షల మందికి డబ్బు పంచినవాడు ఓడిపోయాడు. నేను దీన్ని అర్థం చేసుకునేది ఇలా: చేతికొచ్చిన పింఛనుకు కృతజ్ఞత ఉండదు, రావాల్సిన పింఛనుకే పరుగు ఉంటుంది. సంఘానికి బలం పెండింగ్ ఫైలే. ఫైళ్ళన్నీ తీరిపోతే సంఘం నాయకుడు మళ్ళీ మామూలు మనిషి. గ్రాండ్ ఆర్మీలో సభ్యత్వం తగ్గడం మొదలైంది కూడా 1890 తర్వాతే. వయసు మీదపడి చనిపోవడం ఒక కారణం, అదొక్కటే అనుకోను. చివరి సభ్యుడు ఆల్బర్ట్ వూల్సన్ 1956లో కన్నుమూశాక సంఘాన్ని మూసేశారు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు ఈ కథంతా తెలిసినవాళ్ళు. 1919 మార్చిలో పారిస్‌లో అమెరికన్ లీజియన్‌కు పునాది వేస్తూ, తమది పార్టీలకు అతీతమైన సంఘమని నియమావళిలో గట్టిగా రాసుకున్నారు. జీతమున్న ఎన్నికల పదవిలో ఉన్నవాడు గానీ, దానికి పోటీ చేసేవాడు గానీ లీజియన్‌లో ఏ పదవీ పట్టకూడదు. తాతల సంఘం చేసిన పొరపాటుకు మందు అన్నమాట.

ఆ నియమం నాయకుల్ని ఆపిందా? లేదు, కొంచెం పక్కనుంచి నడిపించింది. తర్వాత దేశాధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ సంగతే చూడండి. ఫ్రాన్స్‌లో 129వ ఫీల్డ్ ఆర్టిలరీలో డి బ్యాటరీ అనే ఫిరంగి దళానికి కెప్టెన్. తిరిగొచ్చి కాన్సస్ సిటీలో ఒక సహచరుడితో కలిసి మగవాళ్ళ బట్టల కొట్టు పెట్టాడు. కొట్టు 1922లో మూతపడింది. కానీ అప్పటిదాకా అది బ్యాటరీవాళ్ళ రచ్చబండ. వచ్చి కూర్చునేవాళ్ళు, అప్పులడిగేవాళ్ళు, ఉద్యోగాల కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అదే రెజిమెంటులో పనిచేసిన జిమ్ పెండర్‌గాస్ట్, ఆ ఊరి రాజకీయాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కుటుంబంవాడు. ఆ ఏడే ట్రూమన్ జాక్సన్ కౌంటీ జడ్జి పదవికి నిలబడి గెలిచాడు. పేరు జడ్జి అయినా రోడ్లు, బడ్జెట్ చూసే పాలనా పదవది. లీజియన్ ఆయనకు మద్దతు ప్రకటించక్కర్లేదు. లీజియన్ మీటింగులో పక్క కుర్చీలో కూర్చున్నవాడికి ఆయనెవరో తెలిస్తే చాలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళకు అదనంగా ఇవ్వాల్సిన బోనస్ మీద గొడవ చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెప్తాను. 1924 చట్టం దేశంలో ఉన్న ప్రతి రోజుకు డాలరు, విదేశంలో ఉన్న ప్రతి రోజుకు డాలరుంపావు లెక్కగట్టింది. 50 డాలర్లు మించితే నగదు ఇవ్వక, 1945లో చెల్లే సర్టిఫికెట్లు చేతిలో పెట్టింది. మాంద్యంలో తిండి లేక వేలమంది 1932లో వాషింగ్టన్ వచ్చి గుడిసెలేసుకున్నారు. ఆ సొమ్ము అప్పుడే ఇవ్వాలన్న బిల్లు పెట్టిన రైట్ ప్యాట్‌మన్ తనూ ఆ యుద్ధంలో పనిచేసినవాడే. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్ 62-18తో తోసేసింది, జులై 28న జనరల్ మెకార్థర్ సైన్యంతో వాళ్ళను తరిమాడు. లీజియన్ పెద్దలు అంతకు ముందేడే అధ్యక్షుడు హూవర్ మాట విని వెనకడుగు వేశారు. పెద్దల సంఘంగా మారితే సంఘానికి ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చేవాళ్ళకు చదువు, ఇంటి రుణం, నిరుద్యోగ భృతి ఇచ్చిన జీఐ బిల్లు మాత్రం తీరిగ్గా చెప్పుకోవాల్సిన సంగతి. 1943 చివర్లో లీజియన్ ఒక కమిటీ వేసింది, అధ్యక్షుడు జాన్ స్టెల్. ఇల్లినాయ్ గవర్నరుగా కొద్ది నెలలు చేసినవాడు. ముసాయిదా రాసినవాడు హ్యారీ కోల్మరీ, టొపీకా ఊరి లాయరు, లీజియన్ మాజీ జాతీయ కమాండర్. వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్ గదిలో కూర్చుని హోటల్ లెటర్‌హెడ్ కాగితాల మీదే చేత్తో రాశాడు. సెనేటులో ప్రవేశపెట్టినవాళ్ళలో ముఖ్యుడు బెన్నెట్ చాంప్ క్లార్క్. పాతికేళ్ళ కిందట పారిస్ సమావేశంలో అధ్యక్ష స్థానంలో కూర్చున్న కల్నల్ ఆయనే. రాసినవాడు, పెట్టినవాడు, తోసినవాడు ముగ్గురూ ఒకే సంఘం.

చిత్రమేమిటంటే దాన్ని గట్టిగా అడ్డుకున్నవాళ్ళలో మాజీ సైనికుల సంఘాలే ఉన్నాయి. యుద్ధంలో వికలాంగులైనవాళ్ళ సంఘంతో సహా కొన్ని సంఘాలు, ఒళ్ళు బాగున్నవాళ్ళకు ఇంత పంచితే గాయపడినవాళ్ళ వాటా తగ్గుతుందని 1944లో లేఖ రాశాయి. వాళ్ళ భయంలో అర్థం లేకపోలేదు. ఇంకో అడ్డు జాన్ ర్యాంకిన్, మిసిసిపీ ప్రతినిధి, సంబంధిత కమిటీ అధ్యక్షుడు, తనూ మాజీ సైనికుడే. వారానికి 20 డాలర్ల చొప్పున 52 వారాల నిరుద్యోగ భృతి నల్లజాతి సైనికుడికి కూడా ఇవ్వడం ఆయనకు గిట్టలేదు. ఉభయ సభల సంయుక్త కమిటీలో ప్రతినిధుల సభ పక్షం ఓట్లు సమానంగా చీలిపోయాయి. తేల్చాల్సిన జాన్ గిబ్సన్ జార్జియాలో ఇంట్లో అనారోగ్యంతో ఉన్నాడు. లీజియన్ వాళ్ళు రాత్రికి రాత్రి ఫోన్లు చేసి, రేడియోలో చెప్పించి ఆయన్ని పట్టుకున్నారు. కారులో జాక్సన్‌విల్‌కు తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి విమానంలో వాషింగ్టన్ చేర్చారు. 1944 జూన్ 10 పొద్దున ఆయన ఓటుతో ముడి విడిపోయింది. జూన్ 22న చట్టమైంది: చదువుకు ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, ఇంటి ఖర్చులకు ఒంటరివాడికి నెలకు 50, సంసారం ఉన్నవాడికి 75, ఇంటి రుణానికి 2,000 దాకా సర్కారు హామీ.

ర్యాంకిన్ ఓడినట్టే ఓడి గెలిచాడు. అమలంతా స్థానిక బ్యాంకులు, స్థానిక కాలేజీలు, స్థానిక కార్యాలయాల చేతుల్లో ఉండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, చట్టంలో రంగు మాట లేకపోయినా మిసిసిపీలో 1947 నాటి లెక్కలో 3,200కు పైగా హామీ రుణాల్లో నల్లజాతివాళ్ళకు దక్కినవి రెండు. గడిని ఎవరు మార్చారన్నది ఎంత ముఖ్యమో, ఆ గడిని చదివే గుమాస్తా ఎవరన్నదీ అంతే.

సంఘం పూర్తిగా కొత్త జనాన్ని అధికారంలోకి తెచ్చిన చోటు హవాయి. జపాన్ మూలాలున్న సైనికులు 100వ బెటాలియన్‌లో, 442వ రెజిమెంటులో ఇటలీలో, ఫ్రాన్స్‌లో పోరాడి వచ్చారు. ఊరికి వచ్చి క్లబ్ 100 అనీ, 442 వెటరన్స్ క్లబ్ అనీ నడుపుకున్నారు. జీఐ బిల్లుతో చదువుకున్నారు. డేనియల్ ఇనౌయే జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో, స్పార్క్ మట్సునాగా హార్వర్డ్‌లో లా చేశారు. 1954లో, చెరకు తోటల యజమానుల అండతో దశాబ్దాలుగా ఏలిన రిపబ్లికన్లను ఓడించి డెమోక్రాట్లు ఉభయ సభలూ గెలిచారు. ఇద్దరూ ఆ ఎన్నికలో గెలిచినవాళ్ళే. కుడి చెయ్యి యుద్ధంలో పోగొట్టుకున్న ఇనౌయే, మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ సైనిక ఆసుపత్రిలో కోలుకుంటూ ఇంకో క్షతగాత్రుణ్ణి కలిశాడు. కాన్సస్‌కు చెందిన బాబ్ డోల్. ఫిలిప్ హార్ట్ కూడా అక్కడే. ముగ్గురూ సెనేటర్లయ్యారు. ఆ భవనానికి ఇప్పుడు ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

అందరూ సంఘానికి విధేయులేమీ కాదు. జాన్ కెనడీ లీజియన్‌లో చేరాడు, తన అన్న పేరు మీద వీఎఫ్‌డబ్ల్యూ (విదేశీ యుద్ధాల్లో పనిచేసినవాళ్ళ సంఘం) పోస్టు నడిపాడు. అయినా 1949 మార్చిలో సభలో నిలబడి, 1918 తర్వాత లీజియన్ నాయకత్వానికి దేశానికి పనికొచ్చే ఆలోచన ఒక్కటీ రాలేదు అనేశాడు. అలా అన్నా ఆయనకు ఏమీ కాలేదు. ఆయన్ని గెలిపించే యంత్రం వేరే ఉంది మరి.

అమెరికాలో ఓటున్న తెలుగువాళ్ళకు ఎన్నికలప్పుడు ఇంటికొచ్చే కరపత్రాల్లో ఈ సంఘాల పేర్లు కనిపిస్తుంటాయి. వాటిని ఎలా చదవాలో చెప్తాను. లీజియన్ సభ్యుడు అంటే పెద్దగా ఏమీ తెలియదు. 2019 చట్టం తర్వాత, 1941 డిసెంబరు 7 నుంచి ఎప్పుడైనా ఒక్కరోజు క్రియాశీల విధుల్లో ఉండి గౌరవంగా బయటికొచ్చినవాళ్ళెవరైనా చేరొచ్చు. వీఎఫ్‌డబ్ల్యూ అంటే విదేశంలో యుద్ధరంగానికి సంబంధించిన సేవ ఉన్నట్టు. క్యాంపెయిన్ మెడల్ గానీ, ప్రమాద ప్రాంతపు భత్యం గానీ, కొరియాలో వరసగా 30 రోజులు గానీ ఉండాలి. పర్పుల్ హార్ట్ సంఘానికి శత్రువు చేతిలో గాయం కావాలి. అనుమానముంటే రికార్డు అడగొచ్చు. సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి 180 నంబరు ఫారం పంపితే హోదా, తేదీలు, పోస్టింగులు, పతకాలు ఇస్తారు. వైద్య వివరాలకు ఆ మనిషి అనుమతి కావాలి. ఒక చిక్కుంది: 1973 జులైలో అక్కడ మంటలంటుకుని 1912-1960 మధ్య విడుదలైన ఆర్మీవాళ్ళ ఫైళ్ళలో 80 శాతం కాలిపోయాయి. ఆ కాలంవాళ్ళ రికార్డు దొరకలేదంటే అబద్ధం చెప్పారని కాదు.

ఇంకా ముఖ్యమైన పరీక్ష, సభ్యత్వం తర్వాత ఏం చేశాడన్నది. పోస్టులో సర్వీస్ ఆఫీసరనే మనిషి ఉంటాడు. వైకల్య పరిహారానికి అర్జీ పెట్టేవాడు 21-22 ఫారం మీద సంతకం పెట్టి సంఘాన్ని తన ప్రతినిధిగా పెట్టుకుంటే, ఈయన అసలు అర్జీ అయిన 526 ఫారం నింపి, డాక్టరు చేత సేవకూ జబ్బుకూ సంబంధం ఉందని రాయించి, వైకల్యపు రేటింగు తక్కువొస్తే అప్పీలు వేస్తాడు. పైసా తీసుకోకూడదు. ఆ కుర్చీలో కూర్చున్న అభ్యర్థి అయితే నేను రెండుసార్లు చూస్తాను.

వీఎఫ్‌డబ్ల్యూకు విడిగా ఒక రాజకీయ కమిటీ ఉండేది. అది 2006లో ఇరాక్‌లో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న టామీ డక్‌వర్త్‌ను కాదని, సైన్యంలో పనిచేయని పీటర్ రాస్కమ్‌కు మద్దతిచ్చింది. 2010లో ఇరాక్‌లో పనిచేసిన అలెన్ వెస్ట్‌ను కాదని అప్పటి సభ్యుడు రాన్ క్లైన్‌కిచ్చింది. సభ్యులు భగ్గుమన్నారు, ఆ ఏడే కమిటీని ఎత్తేశారు. నాకైతే ఆ కమిటీ లెక్క అర్థమవుతుంది. సభలో కూర్చుని మన బిల్లుకు ఓటేసేవాడు ఒకడు, బయట నిలబడి మనలాంటి గాయం ఉన్నవాడు ఇంకొకడు. సంఘం ఎప్పుడూ మొదటివాడివైపే మొగ్గుతుంది.

ఇప్పుడు అక్కడి చట్టసభల్లో సైన్యంలో పనిచేసినవాళ్ళు ఐదో వంతు కూడా లేరు. 1970ల మొదట్లో ముప్పావు వంతు దాకా ఉండేవాళ్ళు. అయినా గడి మార్చడం ఆగలేదు. 1991లో, వియత్నాం యుద్ధంలో చల్లిన విషరసాయనం బాధితుల కోసం ఏజెంట్ ఆరెంజ్ చట్టం, 2022లో విషపు పొగల బాధితుల చట్టం, రెండూ 1890 నాటి లెక్కకు మనవళ్ళే: ఫలానా చోట ఫలానా కాలంలో ఉన్నావా, ఫలానా జబ్బొచ్చిందా, అయితే సేవ వల్లే వచ్చిందని సర్కారే అనుకుంటుంది. 2022 జులై 27న బిల్లు సెనేటులో ఆగిపోతే మాజీ సైనికులు చట్టసభ మెట్ల మీద పగలూ రాత్రీ కూర్చున్నారు. ఆరు రోజులకు 86-11తో గెలిచింది.

మన దగ్గర సైన్యం నుంచి వచ్చిన నాయకులకు కొదవ లేదు. జస్వంత్ సింగ్, రాజేశ్ పైలట్, ఖండూరీ, అమరీందర్ సింగ్. తెలంగాణలో ఉత్తమ్ కుమార్ రెడ్డి వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపినవాడు. కానీ ఆయన బలం కోదాడ, హుజూర్‌నగర్‌లలో, పార్టీలో ఉంది. మాజీ సైనికుల సంఘంలో లేదు. 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చుని ఒక ర్యాంకు ఒకే పింఛను సాధించిన సంఘం నుంచి పార్టీలను శాసించే నాయకుడెవరూ పైకి రాలేదు. కారణం ఒకటే అనిపిస్తుంది. ఇక్కడ కాగితం పని సర్కారే చేతిలో పెట్టుకుంది. జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది, అందులో కూర్చునేది నియమితుడైన అధికారి. డిశ్చార్జి బుక్‌లో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే అక్కడికే వెళ్ళాలి. రెజిమెంటు రికార్డ్ ఆఫీసు సవరించిన పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) పంపేదాకా, సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో పేరు మారేదాకా తిరగాలి. ఆ తిరుగుడులో ఏ సంఘానికీ రుణపడక్కర్లేదు, కాబట్టి ఏ నాయకుడికీ ఓటు బాకీ ఉండదు.

అదే గడి మన ఫారంలోనూ ఉంది. వైకల్య పింఛనుకు జబ్బు సైనిక సేవ వల్ల వచ్చిందా, సేవ వల్ల ముదిరిందా అన్నది మెడికల్ బోర్డు తేల్చాలి. సేవకు సంబంధం లేదు అని ఒక్క వాక్యం రాసి వేలమందిని ఇంటికి పంపారు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ బరువును తిప్పేసింది: చేరేటప్పుడు రికార్డులో రాయని జబ్బు తర్వాత వస్తే సేవ వల్లే వచ్చిందనుకోవాలి, కాదనే బాధ్యత సర్కారుది. అమెరికాలో సంఘాలు, సెనేటర్లు చేసిన పని ఇక్కడ ఒక సిపాయి తరఫు వకీలు చేశాడు. 2023లో సర్కారు కొత్త నిబంధనలు తెచ్చి మళ్ళీ ఆ గడిని తిరగరాసింది. ఇంటికొక సైనికుడున్న పశ్చిమ గోదావరి మిలటరీ మాధవరం నుంచి అలాంటి ఫైలు ఒకటి బయల్దేరితే, అది చేరాల్సింది ఎమ్మెల్యే ఇంటికి కాదు, సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికి.